ఎవరూ తీసుకోని మాస్కో రికార్డులు

అధ్యక్షులు శ్యామ్‌సుందర్ గారికి, ముందు వరుసలోని పెద్దలకు, వెనక కూర్చుని సమోసాల ట్రే మీద ఓ కన్నేసి ఉంచిన మిత్రులకు, ఈ రోజు కాలేజీ లైబ్రరీ నుంచి రిటైర్ అవుతున్న మన వసుమతి గారికి నమస్కారం.

నా పేరు కొండల్ రావు. కార్లకి బ్రేకులు డిజైన్ చేస్తాను, సంగీతానికీ నాకూ ఉన్న సంబంధం అంతే. (నవ్వులు) అయినా లైబ్రరీ కార్డులు చూస్తే, ఈ ట్రాయ్ ఊరి చుట్టుపక్కల రష్యన్ సింఫనీని నాకన్నా ఎక్కువ ప్రేమించినవాడు కనపడడు.

వసుమతి గారి సెక్షన్‌లో మాస్కో రేడియో ఆర్కెస్ట్రా రికార్డులు నూట పన్నెండు ఉన్నాయి. రష్యా మీద కోపంతో అమెరికా మాస్కో ఒలింపిక్స్‌కి వెళ్లనన్న ఏడాది నుంచి వాటిని తమంతట తాముగా ముట్టుకున్నవాళ్లు లేరు, ఏడాదిపాటు ఎవరూ తీసుకోని రికార్డుని తీసి పారేయాలని అక్కడ రూలు. ఆవిడ ఎవరితోనూ పోట్లాడలేదు, మనందరికీ గోంగూర పచ్చడి పెట్టారు. "సీసా కావాలా రావు గారూ? రెండు రికార్డులు మీ కార్డు మీద చెకౌట్ చేసుకోండి, మూడు వారాలకి రిటర్న్ చేసెయ్యండి, అంతే!" అన్నారు. మియాస్కోవ్‌స్కీ అనే మహానుభావుడు ఇరవై ఏడు సింఫనీలు రాశాడట. వాటిలో లైబ్రరీలో ఉన్నవన్నీ నా కారు ట్రంకులో ఊరంతా తిరిగొచ్చాయి. మా ఇంట్లో రికార్డ్ ప్లేయరే లేదు. ఉషా గారూ, అలా చూడకండి, చైకోవ్‌స్కీ రికార్డు మీద మీరు ఇడ్లీ గిన్నె దింపిన సంగతి నేను చెప్పనులెండి. (నవ్వులు)

పోయిన జనవరిలో మన రవికుమార్ తన పాత ప్లేయర్ ఇచ్చాడు. బయట మంచు, ఇంట్లో నేనొక్కణ్ణే, సరేనని ఓ రికార్డు పెట్టాను. మొదట నిద్రొచ్చింది, తర్వాత ఎగిరిపోయింది. అంతమంది అంత గొప్పగా వాయించి ఆపితే, చివర చప్పట్లే లేవు! మర్నాడు వసుమతి గారిని అడిగాను. "స్టూడియోలో ఎదురుగా ఎవరుంటారండీ? 1930 నుంచీ రేడియోకే కదా వాయిస్తున్నారు. ఎవరో ఎక్కడో వింటున్నారని నమ్మకం" అన్నారు.

ఆవిడ మనల్నీ అలాగే నమ్మారు. వింటున్నారా అని ఏడేళ్లలో ఒక్కసారీ అడగలేదు. నాకు సిగ్గుగా ఉంది, ఆవిడ వెళ్లిపోతుంటే బెంగగానూ ఉంది.

సోమవారం నుంచి ఆ కుర్చీలో కొత్త మనిషి. పచ్చడి ఉండదు, రూలు మాత్రం ఉంటుంది. అందుకని నూట పన్నెండు పేర్లూ రాసిన కాగితం తలుపు దగ్గర బల్ల మీద పెట్టాను. తలా రెండు పేర్ల పక్కన సంతకం చేసి సమోసా తీసుకోండి, సంతకం లేనిదే సమోసా లేదు. వినమని నేనూ అడగను. మొదటి రెండూ నావి, నేను మాత్రం వింటాను.

ఇంతసేపు ఓపిక పట్టినందుకు అందరికీ కృతజ్ఞతలు. వసుమతి గారూ, ఆ రోజు రికార్డు ఆగాక సోఫాలో ఒక్కణ్ణే కూర్చుని చప్పట్లు కొట్టాను. మీకు వినిపించి ఉండవు, అందుకే ఇప్పుడు మళ్లీ కొడుతున్నాను. సెలవు.