నాలుగు గీతల పట్టీలు

అది కాదు కెప్టెన్ బాబూ, నీ తప్పులెంచడానికి కూర్చోలేదు నేను. నువ్వు పెద్ద పైలట్‌వి, మా మనవరాలికి పైఅధికారివి. కానీ ఇంకా ఆగమని చెప్పడానికి మళ్ళీ మా ఇంటికే వచ్చావు చూడు, అదే నాకు మింగుడు పడటం లేదు.

పిల్ల విమానం దిగి ఇంటికి బయల్దేరిందట. వచ్చేదాకా నేనే మాట్లాడతాను, నువ్వు టీ తాగు. చక్కెర తక్కువే వేశాను, పోయినసారి అడిగావుగా.

పోయినసారి కూడా ఆ కుర్చీలోనే కూర్చున్నావు. జేబులోంచి నీ పాత భుజం పట్టీలు తీశావు, కెప్టెన్లు పెట్టుకునే నాలుగు గీతలవి. "ఆరేళ్ళు మూడు గీతలతో నెట్టుకొచ్చింది, వానలు వెలిసేలోగా ఎడమవైపు కెప్టెన్ సీటు తనదే, ఇవి దాచిపెట్టండి" అన్నావు. పిల్ల తాకను కూడా తాకలేదు. నేనే అందుకుని బీరువాలో మా ఆయన కళ్ళజోడు పక్కన పెట్టాను. అంతకన్నా భద్రమైన చోటు ఈ ఇంట్లో ఎక్కడుంది చెప్పు?

ఆ ఫ్రిజ్ మీద అంటించిన కాగితం చూశావా? కెప్టెన్ సీటు కోసం కాచుకున్న మీ పైలట్ల వరస జాబితా. నాకు అరవై నాలుగో ఏట అక్షరాలొచ్చింది నెలనెలా వచ్చే ఆ కాగితం మీదే. పిల్ల వేలు పెట్టి చూపిస్తే ఒక్కో పేరూ కూడబలుక్కునేదాన్ని. ముందు చేరినవాళ్ళు పైన. వాళ్ళలో ఎవరైనా వెళ్ళిపోతే కిందున్నవాళ్ళు ఒక మెట్టు ఎక్కుతారు. అంతే కదా మీ లెక్క?

మా పిల్ల యాభై ఒకటి దగ్గర మొదలైంది. నెలనెలా నేనే చదివి చెప్పేదాన్ని. ముప్పై అయింది. పదిహేడయింది. నాలుగు వచ్చిన రోజు, ఏమిటో, ఇద్దరం ఊరికే నవ్వుకుంటూ తిరిగాం.

సరిగ్గా అప్పుడే జెట్ విమానాల కంపెనీ పిల్లని రమ్మంది. అక్కడికి వెళితే ఈ ఆరేళ్ళూ లెక్కలోకి రావు, మళ్ళీ అట్టడుగు నుంచే. అయినా అక్కడ మెట్లు గబగబా ఎక్కొచ్చట. ఎటూ తేల్చుకోలేక అది నలిగిపోతుంటే నువ్వొచ్చి ఆ పట్టీలు నా చేతిలో పెట్టావు. ఆగింది.

నెల తిరక్కుండా కొత్త జాబితా వచ్చింది. మూతపడబోయే ఏదో కంపెనీని మీవాళ్ళు కొన్నారట. అందులోవాళ్ళంతా అక్కడ చేరిన తేదీలతో సహా వచ్చి పైన కూర్చున్నారు. మా పిల్ల నలభై మూడు. నా చదువు మీద నాకే అనుమానమొచ్చి, కళ్ళు తుడుచుకుని మళ్ళీ చదివాను.

అది ఆ అంకె చూసి గదిలోకి వెళ్ళిపోయింది. నేను వదల్లేదు. ఆలస్యంగా చదువొచ్చినదాన్ని కదా, అడుగు దాకా చదువుతాను. వాళ్ళని అలా కలుపుకోవడానికి ఒప్పుకున్నట్టు అడుగున నీ సంతకం ఉంది. సంతకం కింద తేదీ ఉంది. నువ్వు ఇక్కడ టీ తాగిన రోజుకి పదకొండు రోజుల ముందుది.

తల దించుకోకు బాబూ. నేనింకా ఆ తేదీ పిల్లకి చూపించలేదు.

ఎందుకంటావా? ఆ రోజు నువ్వు వెళ్ళాక, బూట్లు తుడుచుకుంటూ అడిగింది, "నానమ్మా, ఆయన మాట నమ్మొచ్చంటావా?" అని. "బంగారం లాంటి మనిషి, ఆగు" అన్నాను. నీ కళ్ళు నా కళ్ళ మీద నిలవలేదని అప్పుడే చూశాను నేను. చూసి కూడా అన్నాను. జెట్ కంపెనీకి వెళితే ఊరు మారాలి. ఇంట్లో ఉన్నది మేమిద్దరమే. పొద్దున్నే ఎదురుగా కూర్చుని, "తప్పు నానమ్మా, మళ్ళీ చదువు" అనేవాళ్ళు నాకు ఇంకెవరున్నారు?

నీ అబద్ధం నాకు అక్కరకొచ్చింది బాబూ.

ఆ జెట్ కంపెనీ మళ్ళీ పిలిచింది. సోమవారంలోగా చెప్పాలి. ఈసారీ నన్నే అడుగుతుంది.

అదిగో, గేటు చప్పుడు. ఇవిగో నీ పట్టీలు, జేబులో పెట్టుకో. ఆ కాగితం ఫ్రిజ్ మీంచి తీసి ఇలా ఇవ్వు. తేదీ నేనే చదువుతాను, ఆ తర్వాత నా సంగతీ నేనే చెబుతాను. నువ్వు మాత్రం లేచి వెళ్ళకు. ఆగు.