ఆదివారం ట్రిప్పు

ఆదివారం ఉదయం. తవ్విపోసిన వీధిలో, ఇంటి ముందు కారులో స్టీరింగ్ పట్టుకుని కూర్చుంది రిటైరైన బస్సు డ్రైవరమ్మ. రోడ్డు పనుల సూపర్‌వైజర్ కిటికీ దగ్గరికి వంగాడు.

“కారు తీయండమ్మా, మా మిషన్ తిరగాలి.”

“ఎటు తీయను నాయనా? ముందూ వెనకా గొయ్యి తీసింది మీరేగా!”

“పేపర్లో ముందే ప్రకటన ఇచ్చాం కదండీ.”

“చదివాను. మూడు రోజుల్లో పూడుస్తామన్నారు. ఇవాళ్టికి నలభయ్యో రోజు.”

“సరే, ఎండగా ఉంది. ఇంట్లోకెళ్లి కూర్చోండి.”

“ఆదివారం పదింటికి నేనూ మా ఆయనా పొలాల వైపు షికారు వెళ్తాం. పాతికేళ్లు బస్సు నడిపాను, ఒక్క ట్రిప్పు ఎగ్గొట్టలేదు.”

“కారు కదలదు కదమ్మా!”

“రోడ్డేస్తే కదులుతుంది. అందాకా దిగను. ఏవండోయ్, ఫ్లాస్కు పట్టుకుని వచ్చి ఎక్కండి, టైమైంది!”