మీకా కుట్టిన పాతచెప్పు

మీకా అని ఒకడున్నాడంట, తూముపాలెంలో. చెప్పులు కుడితే వాడే కుట్టాలనుకో. వాడి నాయనమ్మ కెజియమ్మ. ఎనభై దాటాయి, పళ్లన్నీ పోయాయి గానీ నోరు మాత్రం పోలేదు. ఆమె చెప్పే మాట ఒకటేనంట. "మనం ఈ ఊరోళ్లం కాదురా. యెరూషలేం కాణ్ణుంచి నడిచొచ్చినోళ్లం. కొండలెక్కి, ఎడారి దాటి, నడిచీ నడిచీ ఈ కాలవ గట్టున కూలబడ్డాం" అని. సాక్ష్యమేందే అంటే, ఏటా ఎండాకాలం మొదట్లో ఒక పూట వాళ్లింట్లో అందరూ చెప్పులేసుకుని, చంకన మూట పెట్టుకుని, నిలబడి అన్నం తింటారు. నట్టింట్లో చెప్పులతో అన్నం! నవ్వకండి. పక్కింటోళ్లు నవ్వీ నవ్వీ ఎప్పుడో అలిసిపోయారు. "ఐగుప్తులో బానిసత్వం వదిలి బయల్దేరిన పూట మనోళ్లు అట్టాగే తిన్నారు, నాకు మా అత్త చెప్పింది, అత్తకి వాళ్లత్త చెప్పింది" అంటదంట ముసలమ్మ.

ఏమైందంటే, ఆ యెరూషలేం నుంచే అమ్నోన్ అని ఒక పెద్దాయన దిగాడు. అక్కణ్ణుంచి వలసపోయామని చెప్పుకునేవాళ్లు ఏయే దేశాల్లో ఉన్నారో, అందులో నిజమెంతో తేల్చి పుస్తకం రాస్తన్నాడంట. హైదరాబాదులో తెలుగు నేర్చాడు. ఎంత శుద్ధమైన తెలుగంటే, సగం మనకే అర్థం కాదు. కెజియమ్మ చెప్పిందంతా విని, "అమ్మా, ఈ ఆచారము బైబిలు గ్రంథములోనే ఉన్నది. ఆ గ్రంథమును ఇచ్చటికి పాదిరీలు తెచ్చినారు. మీ అత్తగారు వారి వద్ద వినినారేమో? అంతకుముందు నుండి ఉన్నదనుటకు ఏదైనా వస్తువు కలదా?" అన్నాడు. ముసలమ్మ దగ్గర చుట్టల డబ్బా తప్ప వస్తువేముంది? "శుక్రవారము వెళ్లిపోయెదను. ఆధారము లేనిది పుస్తకమున ఎక్కించలేను" అని ఆయన లేచిపోయాడు. ఆ పూట ఆమె అన్నం ముట్టలేదంట. "కళ్లు మూసేలోపు మా అత్త మాట కాయితం మీద చూసుకుందామనుకున్నా. పోనీలేరా" అందంట. ఆ 'పోనీలేరా' ఉంది చూశారూ, అది మీకా గుండెలో తోలుకి బెజ్జం పొడిచే ఆరె దిగినట్టు దిగింది.

మరి వాడికి చేతనయ్యిందేంది? చెప్పులు కుట్టడం. ఒంటి చెప్పు కుట్టాడంట. మేకు తగలనీయలేదు, ప్లాస్టిక్ దారం తగలనీయలేదు, అంతా తోలువారుతోనే. తంగేడు చెక్క నీళ్లలో నానేసి, ఎండేసి, మళ్లీ నానేసి, గేదె కాళ్ల కింద పడేసి, మడమ దగ్గర గాజుపెంకుతో గీకి గీకి బొక్కపడేదాకా అరగదీశాడు. పెళ్లాం రాహేలు చూసి, "నాకు కొత్తచెప్పులు కుట్టమంటే ఆర్నెల్లు తిప్పావు, ఈ పాతచెప్పు మూడ్రోజుల్లో అయ్యిందే!" అందంట.

శుక్రవారం పొద్దున చెప్పు బయటికొచ్చింది. "మా ముత్తాతల ముత్తాత కాలిదండీ, అటక మీద దొరికింది" అన్నాడు మీకా, చూపు నేల మీద పెట్టి. అమ్నోన్ గారు భూతద్దం పెట్టి కుట్టు చూశాడు, వాసన చూశాడు. పది దేశాలు తిరిగి ఏమీ దొరకనోడు, ఆయనకి మాత్రం ఆశుండదా? "అద్భుతము!" అని నోటుపుస్తకం తెరిచాడు. కలం కాయితానికి ఆనింది. కెజియమ్మ కలం వంక చూసింది, చెప్పు వంక చూసింది. నోరు మూసుకుంటే చాలు, అత్త మాట పుస్తకంలో ఎక్కుద్ది. మూసుకుందా? "ఒరే మీకా, ఎడారిలో నలభయ్యేళ్లు నడిచినా మనోళ్ల చెప్పులు అరగలేదని కదరా వాళ్లని నడిపించిన మోషే చెప్పింది! నీకు వందసార్లు చెప్పానే! మడమకి బొక్కెట్టావేందిరా సన్నాసీ!" అందంట.

అమ్నోన్ గారు పుస్తకం మూశాడు. "తప్పు నాదండీ, మా నాయనమ్మకి తెలీదు" అని మీకా గొణిగాడు. "నువ్వుండరా" అని కెజియమ్మ, "మొన్న కుట్టిందయ్యా ఇది, అదీ రాసుకో. ఇప్పుడు నా మాట విను. మా అత్త పాదిరీ దగ్గర వినిందేమో అన్నావే, వినుండొచ్చు. నేను పక్కన లేను. వినకపోయుండొచ్చు కూడా. నువ్వూ పక్కన లేవు" అందంట. ఆయనకి నవ్వొచ్చింది. నవ్వితే వ్యాకరణం కూడా జారిపోయింది, "అది నిజమేనే అమ్మా" అన్నాడు. మళ్లీ పుస్తకం తెరిచి, రాస్తా రాస్తా పైకి చదివాడు: "తూముపాలెములో కెజియమ్మ ఇట్లు చెప్పుచున్నది, ఆమెకు అత్తగారు చెప్పినది. వస్తువు లేదు. నిజమో కాదో తేలలేదు. అయితే తనకు పనికివచ్చు అబద్ధమును ఈమె తానే చెరిపినది." కెజియమ్మ ముందుకొంగి, "ఇందులో మా అత్త ఎక్కడుందయ్యా?" అంది. ఆయన చూపించాడు. ఆమె ఆ అక్షరాల మీద వేలు పెట్టి చానాసేపు తియ్యలేదంట.

ఈ గోలలో ఆయన బస్సు పోయింది. శనివారం వాళ్ల మతంలో ఏ పనీ చెయ్యకూడని రోజంట, ఆయన ప్రయాణం చెయ్యడు. ఆ శనివారం మీకా ఆరె పట్టలేదు, ఎందుకో నాకు తెలీదు, రాసుకునేవాళ్లు రాసుకోండి. ఆదివారం పొద్దునకల్లా ఆయన పాదాలకి సరిపడా ఒక జత కుట్టిచ్చాడు, బొక్క లేకుండా. మరి వీళ్లు అక్కణ్ణుంచి ఇక్కడికొచ్చారా, రాలేదా అంటే నన్నడగొద్దు. ఒక్క జత చెప్పులు మాత్రం ఇక్కణ్ణుంచి అక్కడికి పోయాయి, బస్సెక్కుతుంటే ఈ కళ్లతో చూశా. ఏ వెయ్యేళ్లకో అక్కడెవడన్నా తవ్వితే బయటపడతాయి. అప్పుడు వాళ్లు కూర్చుని తేల్చుకోవాల, తూముపాలెపోళ్లు అక్కడికెప్పుడు వలసొచ్చారో!