ఎడమ దిక్కు బాల్

దోహా. చమురు డబ్బు పొంగుతున్న రోజులు. ఆడినందుకు జీతమిచ్చే ఓ కంపెనీ ఫుట్‌బాల్ క్లబ్బు. సాయంత్రం మ్యాచ్ అయిపోయాక ఇసుక గ్రౌండులో ఇద్దరే మిగిలారు: టీమ్ మేనేజరు లియాఖత్ అలీ, గ్రౌండు పనిచేసే పోశన్న.

"చెప్పిన గద పోశన్నా, ఇక్రాముద్దీన్ అగ్రిమెంటు పెంచ. ఖలాస్. నెట్టు విప్పు, నీ పని నువ్వు చూస్కో."

"విప్పుతనే ఉన్న సాబ్. ఒక్క మాట..."

"వద్దు."

"పోరడు మంచిగ ఉరుకుతడు సాబ్."

"ఉరుకుడు ఒంటె గూడ ఉరుకుతది. షహానియా ఒంటె పందాలకు పోయి చూడు. నేను జీతమిచ్చేది గోల్‌కు."

"మొన్నటిదాంక బెంచీ మీద కూసున్న ఎక్స్‌ట్రా ఆటగాడాయె. జర టైమియ్యుండ్రి."

"ఇంకెంత టైము? చలికాలం నుంచి ఆడిపిస్తున్న. ఇయ్యాల నీ కండ్లతోని నువ్వు చూడలే? ముంగట గోల్‌కీపర్ ఒక్కడే ఉన్నడు. కాలు తాకిస్తె గోల్. వాడేం జేసిండు?"

"అదే సాబ్..."

"ఏం జేసిండు, చెప్పు."

"ఎడమ దిక్కు ఇచ్చిండు."

"ఎవనికిచ్చిండు? ఎవడున్నడు ఆడ? అరబ్బులన్నట్టు మాఫీ! ఎవ్వడు లేడు. బాల్ గీత దాటొచ్చి నా బూట్లకు తాకింది. అందరు నవ్విండ్రు. పోయిన మ్యాచ్‌ల గట్లనే, దానికి ముందు గట్లనే. దయ్యానికి పాసిస్తుండా వాడు?"

"గట్లనకుండ్రి సాబ్. ఆ జాగల హమీద్ ఆడేటోడు గద, అందుకని..."

"పేరు తియ్యకు."

"మీకు తమ్ముడే గని, మాకు గూడ హమీద్ అంటె..."

"తియ్యకన్న!"

"తియ్య సాబ్. తియ్య."

"అల్ ఖోర్‌ల ఆడి వస్తుంటె బండి పల్టీ కొట్టింది. నా తమ్ముడు పోయిండు. పక్క సీట్ల ఉన్న ఇక్రామ్ బట్టలు దులుపుకోని లేచిండు. లేచి, టీముల వాని బదులు ఆడుతుండు. నేనేమన్న అన్ననా? ఒక్క మాటన్న అన్ననా?"

"అనలే సాబ్. అనకుంటనే పంపిస్తున్నరు."

"నోరు జాగ్రత్త!"

"తప్పయింది."

"ఖుదా కసం, ఆట చూసే పంపిస్తున్న. ఇంకోటి లేదు."

"ఊర్ల వాని భార్య మొన్ననే కన్నది సాబ్. బిడ్డ మొకం ఇంక చూడనే లేదు."

"పంపిస్తె చూస్తడు గద."

"చూసి, ఏం పెడ్తడు?"

"అది నన్నడుగకు. వాన్నే అడిగిన నేను. ఆ దిక్కు ఎందుకిస్తున్నవ్ రా అంటె బూటు లేసు విప్పుకుంట కూసున్నడు. నువ్వడిగినవా?"

"అడిగిన."

"ఏమన్నడు?"

"వద్దు లెండ్రి సాబ్. పొద్దు పోయింది, మీరు రూముకు పోండ్రి."

"ఏమన్నడు పోశన్నా?"

"హమీద్ భాయ్ బాల్ అడుగుతుండు, ఇయ్యకుంటె ఎట్ల... అన్నడు."

"చూసినవా! పిచ్చి లేసింది వానికి. ఇగ సోచాయించేదేం లేదు, ఇయ్యాల్నే ఆఫీసుల చెప్త."

"పిచ్చి కాదు సాబ్. నేను గూడ చూసిన."

"ఏం చూసినవ్?"

"హమీద్ బాల్ అడుగుడు."

"పోశన్నా, పరాచికాలాడకు. నా పానం బాగలేదు."

"మీరు మ్యాచ్‌ల యాడ నిలబడ్తరు సాబ్?"

"యాడేంది? గీత బయట, ఎడమ దిక్కు. తమ్ముడు ఉన్నప్పటి సంది ఆడనే నిలబడ్త. అందరికెరుకే."

"మీ అన్నదమ్ములిద్దరిది ఒక్కటే ఎత్తు. ఒక్కటే నిలుసుడు."

"అయితేంది?"

"ఇక్రామ్ గోల్ కాడికి ఉరుకంగనే మీ చెయ్యి లేస్తది."

"నా చెయ్యా?"

"తల మీదికి లేస్తది. వేళ్లు ఆడిచ్చుకుంట. హమీద్ ఎట్ల అడిగేటోడో, అచ్చం అట్లనే."

"అబద్ధం! నేనెందుకు లేపుత? నాకు తెల్వకుంట నా చెయ్యి ఎట్ల..."

"మీకొక్కరికే తెల్వదు సాబ్. గ్రౌండు మొత్తానికి తెలుసు. ఇందాక నవ్విండ్రన్నరు గద? ఎవ్వరు నవ్వలే. బాల్ వచ్చి మీ బూట్లకు తాకినంక గూడ మీ చెయ్యి దిగలే."