పరంధామయ్య తొక్కిన ద్రాక్ష

అమెరికాల నోవై ఊర్ల పొద్దటి సంది మంచు కురుస్తనే ఉన్నది. పరంధామయ్య బిడ్డ ఇంట్ల సోఫా మీద కూసున్నడు. పెండ్లాం యశోద పోయి ఇంకా దినకర్మ కూడ కాలే. అల్లుడు ఫణి ఆఫీసోళ్లు, రాజ్, సాత్విక్, పరామర్శకొచ్చి కాఫీ కప్పులల్లకే చూస్తున్నరు. మూలకు యశోద చెల్లె ఛాయాదేవి కూసున్నది. అరోరా ఊరి నుంచి వచ్చిన కాడికెల్లి బావతోని ఒక్క మాట మాట్లాడలే.

అల్మారల సగం సీసా కనబడ్డది సాత్విక్‌కు. "అంకుల్, ఇది గర్నాచా కదా? స్పెయిన్‌ది. మంచి రెడ్ వైన్."

"మంచిదే మరి. నేను స్పెయిన్ పొయ్యి తెచ్చిందేనాయె," అన్నడు పరంధామయ్య.

అని వంటింటి దిక్కు చూసిండు. ఆయన ఇట్ల కోతలు మొదలు పెట్టిండంటే అక్కడికెల్లి యశోద అబద్ధాలని ఒక్క అరుపు అరిచేది. ఆ అరుపుకే కోత తెగేది, నలుగురు నవ్వేటోళ్లు, ఆయన కూడ నవ్వేటోడు. ఇప్పుడు డిష్‌వాషర్ సప్పుడే వినవస్తున్నది.

"అవునా అంకుల్?" అన్నడు రాజ్ మెల్లగ.

"అవునా ఏంది! అంతా రాళ్ల గుట్ట, మన్ను చిటికెడు లేదు, ఆ రాళ్లల్లకెల్లే తీగెలు. తోట ముసలాయన నన్ను చూడంగనే చేతులు పట్టుకున్నడు. అయ్యా, ఎవ్వలు తొక్కినా ఈ పండ్లకు రసం దిగుతలేదు, నీ పాదం చూస్తే ధైర్నమొస్తున్నది అన్నడు. ఏ భాషల అన్నడంటరా? తెలుగులనే. నన్ను చూసిన భయానికి వచ్చేసింది పాపం."

చెప్పి ఆగిండు, ఎవ్వలన్న "పో అంకుల్" అంటరేమోనని. సాత్విక్ తల ఊపిండు. దుఃఖంల ఉన్న మనిషిని ఎట్ల కాదంటరు?

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? తొట్టిల దిగిన. ఒక్క తొక్కుకు రసం నడుము దాకొచ్చింది, ఇంకో తొక్కుకు నా తెల్ల మీసం ఎర్రగయ్యింది, మల్లో తొక్కుకు తొట్టి పగిలి ఊరంత వైనే. కోళ్లు ఈతలు కొడుతున్నయి. పోలీసోళ్లు పడవలేసుకొని నన్ను అరెస్ట్ చేస్తందుకొచ్చి, తలా ఒక గుక్క తాగి నా కాళ్లకే మొక్కిండ్రు."

"నిజమే అంకుల్," అన్నడు రాజ్.

ఆ "నిజమే" ముల్లు లెక్క గుచ్చుకున్నది. ఇంత కోతకు కూడ అడ్డం పడరా, వీళ్లేం మనుషులు? పరంధామయ్య గొంతు పెంచిండు.

"సముద్రం దాకా పారింది బిడ్డా, తిమింగలాలు తాగి ఒడ్డుకొచ్చి పాటలు పాడినయ్. ఆ దేశమంత నన్ను మంత్రిగ ఉండుమన్నది, మీ ఆంటీకి అక్కడి నీళ్లు పడవని నేనే వద్దన్న. ఆ తర్వాత ఏమైందో తెలుసా? వచ్చే తొవ్వల ఒక గాడిద సచ్చి ఉబ్బి పడున్నది. దాని నోట్లె ఒక్క సుక్క పోసిన. అంతే, లేచి..."

లేచి ఏం చేసిందో తోచలే. బిడ్డ శ్రీవిద్య మొకం తిప్పుకున్నది.

"మామయ్యా, నీళ్లు తేనా?" అన్నడు ఫణి.

"ఎట్ల లేస్తది?" అన్నది మూలకెల్లి ఛాయాదేవి. "లేచేటిదైతే మా అక్క నోట్లె పొయ్యకుంటవా బావా? స్పెయిన్ లేదు, గియిన్ లేదు. ఎండాకాలం వ్రతం నాడు నేనిక్కడనే ఉన్న. సీసా మీద ద్రాక్షగుత్తి బొమ్మ చూసి పండ్లరసమనుకొని కొన్నది మా అక్క. దేవునికి పెట్టి, చెంచతోని అందరికీ తీర్థం పోసింది. పంతులు కూడ కండ్లకద్దుకొని తాగిండు. నువ్వేమో మల్ల మల్ల చెయ్యి చాపి, యశోదా, ఈసారి తీర్థం మంచిగ కుదిరిందే అన్నవు!"

సాత్విక్ నవ్వాపుకోలేక కాఫీ ఒలకపోసుకున్నడు. శ్రీవిద్య ఏడ్చుకుంటనే నవ్వింది. పరంధామయ్య మాత్రం మరదలి మొకమే చూస్తున్నడు, దూపైనోడు నీళ్లకుండను చూసినట్టు.

"అట్లను ఛాయా," అన్నడు. "ఇంకా అను."

ఛాయాదేవి నోరు తెరిచింది. షాలు నోటికి అడ్డం పెట్టుకున్నది.

"మీ అక్కయితే," అన్నడు పరంధామయ్య, "నన్ను ఇంత జల్ది ఇడిశేది కాదు."