మధ్యాహ్నపు గీత

పసుపు తవ్వుతున్న చేను గట్టున, భూమి అయస్కాంత బలాన్ని కొలిచే యంత్రపు గది ఉంది. అన్నం తినడానికి ఆ గది నీడకు వచ్చిన ముసలమ్మ గడ్డపారను గోడకు ఆనించగానే, లోపల లాప్‌టాప్‌లో గీత చివ్వున లేచింది. ఒంటరిగా ఆ యంత్రాన్ని కాచుకునే అమ్మాయి గబగబా బయటికొచ్చింది.

“అవ్వా, రోజూ గీడనే తింటున్నవా?”

“పండుగ పోయినకాంచి. ఏమైంది బిడ్డా?”

“ఎండకు పైన గాలి రోజూ సముద్రం లెక్క పొంగుతది. గా పొంగుకు ఆకాశంల కరెంటు పుడ్తది. నీ ఇనుముకు గీత లేస్తుంటే, నేను గాలి పొంగే అనుకున్న. మా సార్‌కు గూడ గట్లనే చెప్పిన.”

“గా కరెంటు మన మీదికెల్లే పోతదా?”

“గీడ జరంతనే అవ్వా. కన్యాకుమారి దిక్కు జోరుగ పారుతది. గాడ ఎంత పారుతుందో తేలాలంటే, గంత పారని తాన గూడ ఒక డబ్బా పెట్టి చూడాలె.”

“అంటే ఏం లేని తాన నిన్ను కూసోబెట్టిన్రు.”

అమ్మాయి గోడకు ఆనించిన గడ్డపార వైపు చూసింది.

“రేపటికెల్లి గడ్డపార దూరం పెట్టి రా, అవ్వా.”

“గప్పుడు నేనొచ్చినట్టు నీ డబ్బాకు ఎర్కయితదా?”

“కాదు.”

“ఇంట్ల గూడ గంతే బిడ్డా. వచ్చిన్నా, పోయిన్నా అని అడిగేటోళ్లు లేరు. గీ డబ్బాకన్న ఎర్కయింది, ఇన్ని దినాలు.”

ముసలమ్మ సద్దిమూట విప్పకుండానే గడ్డపార భుజాన వేసుకుని గట్టు దిగింది.

అమ్మాయి లోపలికి వెళ్లి తన టిఫిన్ డబ్బా అందుకుంది. ఇద్దరం కలిసి తిందామని ఆమెను పిలవబోయేసరికి, గీత చదునైపోయింది.