ఓడను వెనక్కి తిప్పిన తుమ్ము

ఆహార తనిఖీ ఆఫీసు నుంచి ల్యాబుకి శాంపిళ్ల డబ్బాలు మోసే ఉద్యోగం ఆయనది. కానీ టీకొట్టు బల్లమీద కూర్చున్నాడంటే ఆఫీసంతా ఆయన ముక్కు మీదే నడుస్తున్నట్టు లెక్క. అందుకే అందరూ ముక్కు మామయ్య అంటారు. ఆయన దాన్ని బిరుదనుకుంటాడు.

టీకొట్టు అక్క రోజూ ఆ కోతలు ఒక చెవిన వింటూ గ్లాసులు కడుక్కునేది. ఈవేళ రెండు చెవులూ ఇటే వేసింది. అల్లుడు ఆన్‌లైన్‌లో తెప్పించిన విదేశీ బిస్కెట్ల ప్యాకెట్టు గల్లాపెట్టె పక్కనే ఉంది. మనవరాలికి వేరుశెనగ ఇంత తగిలితే చాలు, గొంతు వాచి ఊపిరాడదు. పోయిన నెలే ఆస్పత్రి దాకా వెళ్లొచ్చారు. పిల్లేమో పొద్దుట్నుంచీ ప్యాకెట్టు విప్పమని కొంగు పట్టుకు వేలాడుతోంది.

"మొదట్లో ఒట్టి జామ్ సీసానే," మొదలెట్టాడు మామయ్య. "మూత తియ్యకముందే చెప్పేశా, లోపల బూజుందని. ల్యాబువాళ్లు నోరెళ్లబెట్టారు."

"అంతేనా?" అన్నాడు మెడలో టేపు తియ్యకుండానే టీకొచ్చిన టైలరు.

"అంతేనా అంటావేంట్రా! ఆ తర్వాత ఏమైందో తెలుసా? రేవులో సీలు తియ్యని కంటైనరు పక్కనుంచి పోతున్నా, ముక్కుపుటం అదిరింది. అసలు రాత మీద మన భాష స్టిక్కరొకటి అంటించి తోసేస్తారు దొంగసచ్చినోళ్లు. ఆ స్టిక్కరు కింద దాచిన తేదీ కూడా నాకు వాసనొచ్చేసింది!"

"తేదీకి వాసనేంటి మామా?"

"జలుబు ముక్కువాడివి, నీకేం తెలుస్తుంది? ఇంకోసారి ఓడ నడిసముద్రంలో ఉంది, నేను ఒడ్డున ఉన్నా. ఒక్క తుమ్ము తుమ్మా. ఆ గాలికి ఓడ గిరుక్కున తిరిగి, కుళ్లిన చేపల డబ్బాలతో సహా వచ్చిన దేశానికే పోయింది! ఇప్పుడైతే ఒడ్డు దాకా కూడా అక్కర్లేదు. ఫోన్లో సరుకు బొమ్మ మీద ముక్కు ఆనిస్తే చాలు, అవతలి దేశంలో వాడు షట్టరు దించేసుకుంటాడు!"

టైలరుకి టీ పొలమారింది.

అక్క నవ్వలేదు. ప్యాకెట్టు తెచ్చి ఆయన ఒళ్లో పెట్టింది. "అయితే అన్నయ్యా, ఇందులో వేరుశెనగ ఉందో లేదో చెప్పు. పిల్లకి పెట్టాలి."

నలుగురూ చూస్తున్నారాయె. మామయ్య కళ్లు మూసుకుని గట్టిగా పీల్చాడు. "నిక్షేపంలా పెట్టు చెల్లెమ్మా. వేరుశెనగ నీడ కూడా సోకలేదు."

అన్ని కోతల్లోనూ ఆమెకి గుచ్చుకున్నది ఒకే మాట: స్టిక్కరు. ప్యాకెట్టు తీసుకెళ్లి కెటిల్ మూతి దగ్గర పట్టింది. ఆవిరికి అంచు లేచింది. గోరుతో లాగింది. కింద రాత చదవరాని భాష. దాని పక్కన బొమ్మ మాత్రం ఏ భాషా రాకపోయినా తెలుస్తుంది. రెండు గింజల వేరుశెనగ కాయ.

"నీ ముక్కుని నమ్ముంటే పిల్ల పోయేది అన్నయ్యా," అంది మెల్లిగా.

మామయ్య మొహంలో నెత్తురుచుక్క లేదు. బల్ల మీంచి లేచాడు. "స్టిక్కరుతో సహా కవర్లో వేసివ్వు. ఎక్కడ కొన్నాడో చూపించడానికి అల్లుణ్ణి ఫోన్ పట్టుకుని రమ్మను. ఆఫీసుకి తీసుకెళ్తా. ఇలాంటి పిల్లలు ఇంకెన్ని ఇళ్లలో ఉన్నారో!" అందులో ఒక్క అక్షరం కోత లేదని ఆమెకి తెలిసింది.

మర్నాడు బిస్కెట్లు అమ్మినవాళ్ల నుంచి అల్లుడి ఫోన్‌కి కబురొచ్చింది: ఆ బిస్కెట్లు ఎవరూ తినొద్దు, అమ్మకం ఆపేశాం. కొన్నవాళ్లందరికీ అదే కబురు.

సాయంత్రానికల్లా మామయ్య బల్లమీద ఉన్నాడు. "నేను గుమ్మంలో అడుగుపెట్టానో లేదో, పెద్దాఫీసర్లంతా లేచి నిలబడి..."

"నా కెటిల్ సంగతి చెప్పావా?"

"చెప్పకుండానా! దాని ఆవిరికి వీధిలో గోడల మీద పోస్టర్లన్నీ ఊడొచ్చాయి చెల్లెమ్మా..."

"ముందు ఆ టీ తాగు," అంది అక్క గ్లాసు చేతికిస్తూ. ఆయన గటగటా తాగడం మొదలెట్టాడు. "రెండు గుక్కలు తాగేశావు. ఇంకా పంచదారే వెయ్యలేదు, నీ ముక్కు చెప్పలేదా?"